ఎంత పడుతుందన్నది సరే, ఏ వేడి దాకా నిలుస్తుంది?

సంపాదకులు గారికి,

నమస్కారం. కంప్యూటర్ సమాచారాన్ని తక్కువ చోటులో ఎక్కువగా దాచే కొత్త పదార్థాల గురించి తెలుగు పత్రికల్లో వార్తలు తరచుగా వస్తున్నాయి. సంతోషమే. కానీ వాటిలో చాలావరకు ఒకే అంకె కనిపిస్తుంది. గ్రాము డీఎన్‌ఏలో 21.5 కోట్ల గిగాబైట్లు అని ఒకరోజు, చదరపు అంగుళం రాగి మీద 500 టెరాబిట్లు అని ఇంకోరోజు. ఆ అంకెలు అబద్ధం కావు. వాటి పక్కన రావలసిన రెండో అంకె మాత్రం రావడం లేదు: ఏ ఉష్ణోగ్రత దగ్గర ఆ సమాచారం ఎంతకాలం చెక్కుచెదరకుండా ఉంటుంది? మే నెలలో 45 డిగ్రీల ఎండ కాసే నల్గొండ, పాలమూరు జిల్లాల పాఠకులకు ఆ రెండో అంకే ముందు కావాలి. ఎందుకో కాస్త వివరంగా రాస్తున్నాను. నిడివి ఎక్కువైనా కత్తిరించకుండా వేయమని మనవి.

హార్డ్ డిస్కు నుంచే మొదలుపెట్టాలి. పెద్ద డేటా సెంటర్లలో ఉన్న సమాచారంలో ఎక్కువ భాగం ఇప్పటికీ దాని మీదే ఉంది. 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ యంత్రంలో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిపి దాచింది 50 లక్షల అక్షరాలు, చదరపు అంగుళానికి దాదాపు 2,000 బిట్లు (బిట్ అంటే ఒక ఒకటి లేదా ఒక సున్నా). ఇవాళ అదే చదరపు అంగుళంలో లక్ష కోట్ల బిట్లకు, అంటే ఒక టెరాబిట్‌కు అటూ ఇటూ పడుతున్నాయి. అంటే 50 కోట్ల రెట్లు. అంత ఇరుకులో ఒక బిట్‌కు దక్కే చోటు 645 చదరపు నానోమీటర్లు, చతురస్రం అనుకుంటే ఒక్కో వైపు పాతిక నానోమీటర్లు. నానోమీటర్ అంటే మిల్లీమీటర్‌లో పది లక్షలవ వంతు.

ఆ పాతిక నానోమీటర్ల చోటులో ఉండేది ఒకే అయస్కాంతం కాదు. కోబాల్ట్, క్రోమియం, ప్లాటినం కలిసిన లోహంతో చేసిన రేణువులు, ఒక్కోటి ఎనిమిది నానోమీటర్ల వెడల్పువి, పదికి కాస్త అటూ ఇటూగా ఉంటాయి. వాటి మధ్య ఆక్సైడ్ పొర ఉండి, ఒకదాని అయస్కాంత దిశ పక్కదాన్ని లాగకుండా ఆపుతుంది. అన్నీ పైకి చూస్తే ఒకటి, కిందికి చూస్తే సున్నా. ఇన్ని రేణువులు ఎందుకంటే రెండు బిట్ల మధ్య సరిహద్దు రేణువుల అంచుల వెంటే పోవాలి. పొలం గట్టును పెద్ద బండరాళ్లతో వేస్తే వంకర్లు పోతుంది, చిన్న రాళ్లతో వేస్తే సూటిగా వస్తుంది. బిట్ల సరిహద్దు కూడా అంతే. వంకర ఎక్కువైతే, పళ్లెం మీది బిట్లను చదివే హెడ్‌కు రొద ఎక్కువ, తప్పులు ఎక్కువ. బిట్ చిన్నది కావాలంటే రేణువూ చిన్నది కావాలి.

రేణువును చిన్నది చేయడమే ఇక్కడ కష్టం. చుట్టూ ఉన్న వేడి వల్ల ప్రతి రేణువులోని అయస్కాంత దిశ ఎప్పుడూ కొద్దిగా ఊగుతూనే ఉంటుంది. పైనుంచి కిందికి పూర్తిగా తిరగాలంటే కొంత శక్తి కావాలి. ఆ శక్తి ఎంతో తెలియాలంటే రేణువు ఘనపరిమాణాన్ని ఆ పదార్థానికి తన దిశ మీద ఉండే పట్టుతో గుణించాలి. వచ్చిన దాన్ని వేడి వల్ల కలిగే ఊగులాట శక్తితో భాగిస్తే ఒక సంఖ్య వస్తుంది. మొత్తం సంగతి ఈ సంఖ్యలోనే ఉంది. రేణువు సెకనుకు వంద కోట్ల సార్లు తిరగబోయి చూస్తుందనుకుంటే, ఆ సంఖ్య 40 అయినప్పుడు సగటున ఏడేళ్లకు పైగా నిలుస్తుంది. 30కి పడిపోతే మూడు గంటలు. 20కి పడితే అర సెకను. మళ్లీ చెబుతున్నాను: నలభై నుంచి ఇరవైకి దిగితే ఏడేళ్లు అర సెకను అయిపోతాయి. అందుకు రేణువు ఘనపరిమాణం సగమైతే చాలు. ఎత్తు మార్చకుండా ఎనిమిది నానోమీటర్ల వెడల్పును 5.7కి తగ్గిస్తే ఘనపరిమాణం దాదాపు సగం అవుతుంది. రెండున్నర నానోమీటర్లు కూడా చెక్కలేదు, సమాచారం పోయింది.

ఇదే లెక్కలో వేడిని మార్చి చూడండి. 25 డిగ్రీల దగ్గర 40 ఉన్న సంఖ్య 45 డిగ్రీల దగ్గర 37.5 అవుతుంది. పైకి చిన్న తేడా. కాలం మాత్రం పన్నెండు రెట్లు తగ్గి, ఏడేళ్లు కాస్తా ఏడు నెలలు అవుతుంది. వేడికి పదార్థపు పట్టు కూడా కొంత సడలుతుంది కనుక అసలు పరిస్థితి ఇంకా కఠినం. దీన్నిబట్టి దుకాణంలో కొన్న డిస్కు ఎండకాలంలో చెరిగిపోతుందని భయపడనక్కర్లేదు. రేణువులన్నీ ఒకే సైజులో ఉండవు, చిన్నవి ముందు తిరగబడతాయి. అందుకే తయారీదారులు సగటు సంఖ్య 60 ఉండేలా చూసుకుంటారు. ప్రయోగశాలలో కొత్త పదార్థం అన్నప్పుడు మాత్రం ఆ సంఖ్య ఎంత, ఏ ఉష్ణోగ్రతకు అని అడగకుండా సాంద్రతను మెచ్చుకోవడం సరికాదు.

60 ఉండాలన్న నియమం పెట్టుకుంటే కోబాల్ట్ మిశ్రమపు రేణువు పది నానోమీటర్ల ఘనం కంటే చిన్నది కాలేదు. కాస్త ఎత్తుగా చేసి వెడల్పు ఎనిమిదికి తెచ్చుకున్నారు, అంతకంటే దిగడం కష్టం. ఇనుము, ప్లాటినం సగం సగం కలిసిన మిశ్రమానికి దిశ మీద పట్టు ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. దాని రేణువు మూడు నానోమీటర్లకు కాస్త పైన ఉన్నా అదే 60 వస్తుంది. కానీ పట్టు ఎక్కువైన కొద్దీ రాయడం కష్టమవుతుంది. రాసే హెడ్‌ కొనను ఇనుము, కోబాల్ట్ మిశ్రమంతో చేస్తారు. అందులో ఎంత కరెంటు పంపినా 2.4 టెస్లాల (టెస్లా అంటే అయస్కాంత క్షేత్రపు కొలమానం) కంటే గట్టి క్షేత్రం రాదు, ఆ లోహపు పరిమితి అది. ఇనుము–ప్లాటినం రేణువును గది వేడిమి దగ్గర తిప్పాలంటే దానికి ఎన్నో రెట్లు కావాలి. చిన్న రేణువు కావాలి, నిలకడ కావాలి, రాయగలగాలి. ఈ మూడింటిలో ఏ రెండు పట్టుకున్నా మూడోది జారిపోతుంది. ఇరవై ఏళ్లకు పైగా ఈ రంగంలో జరిగిన పరిశోధనలో పెద్ద భాగం ఈ ముడి విప్పడానికే.

విప్పిన దారి వేడే. రాసే క్షణంలో ఆ ఒక్క చుక్కను లేజర్‌తో 400 డిగ్రీలు దాటించి, దిశ మీద పట్టు సడలగానే మామూలు క్షేత్రంతో రాసేసి, నానోసెకన్లలో చల్లారనిస్తారు. చల్లారాక పట్టు తిరిగి వస్తుంది. ఇనుము–ప్లాటినం అయస్కాంతత్వం పూర్తిగా పోయే క్యూరీ ఉష్ణోగ్రత దాదాపు 477 డిగ్రీలు. సీగేట్ 2024లో ఈ పద్ధతితో పది పళ్లేల డిస్కు తెచ్చింది, ఒక్కో పళ్లెం మీద మూడు టెరాబైట్లు. ఆలోచన వచ్చాక సరుకు రావడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో తెలియాలంటే ఆ పళ్లెం తయారీ చూడాలి.

అల్యూమినియం పళ్లెం దీనికి పనికిరాదు. దాని మీద వేసే నికెల్–ఫాస్ఫరస్ పూత 300 డిగ్రీలు దాటితే స్ఫటికంగా మారి తానే అయస్కాంతమవుతుంది. అందుకని వేడికి తట్టుకునే ప్రత్యేక గాజు పళ్లెం వాడతారు. గాలి తీసేసిన గదిలో, కొద్దిపాటి ఆర్గాన్ వాయువులో, లోహపు దిమ్మ నుంచి అణువులను (ఆటమ్‌లను) ఊడగొట్టి పళ్లెం మీద పడేలా చేస్తారు. ముందు అతుక్కునే పొర, దాని మీద వేడిని త్వరగా లాగేసే లోహపు పొర, ఆ పైన మెగ్నీషియం ఆక్సైడ్ కొన్ని నానోమీటర్లు. తర్వాత పళ్లేన్ని 500 నుంచి 600 డిగ్రీలకు వేడి చేసి ఇనుము, ప్లాటినం, కార్బన్ కలిపి పది నానోమీటర్ల మందం వేస్తారు. ఆ వేడికే ఒక వరస ఇనుము, ఒక వరస ప్లాటినంగా అణువులు సర్దుకుంటాయి. పట్టు అంతా ఆ వరసల్లోనే ఉంది. కార్బన్ రేణువుల మధ్యకు చేరి వాటిని విడదీస్తుంది. చివర వజ్రం లాంటి గట్టి కార్బన్ పూత రెండు మూడు నానోమీటర్లు, దాని మీద నానోమీటర్ మందం జారుడు పదార్థం.

చెడిపోయే దారులు ఇక్కడ చాలా ఉన్నాయి. వేడి తక్కువైతే ఇనుము, ప్లాటినం వరసలుగా సర్దుకోక కలగాపులగంగా ఉండిపోతాయి, మెత్తని అయస్కాంతం వస్తుంది, ఏదీ నిలవదు. వేడి ఎక్కువైతే పక్కపక్క రేణువులు కలిసిపోయి పెద్దవవుతాయి. మెగ్నీషియం ఆక్సైడ్ పొర సరిగా కుదరకపోతే కొన్ని రేణువుల దిశ నిలువుగా కాక పడుకుని ఉంటుంది, అవి బిట్‌కు రొదే తప్ప బలం ఇవ్వవు. కార్బన్ ఎక్కువైతే రేణువు గుండ్రంగా మారి ఎత్తు పెరగదు, దాని నెత్తిన ఇంకో వరస రేణువులు మొలుస్తాయి. కొద్దిగా రాగి కలిపితే సర్దుకోవడానికి కావలసిన వేడి తగ్గుతుంది, రాసేటప్పుడు కావలసిన వేడి కూడా తగ్గుతుంది, దాంతోపాటు దిశ మీద పట్టూ తగ్గుతుంది. ఏ దినుసు కలిపినా ఒకటి ఇచ్చి ఇంకోటి తీసుకుంటుంది.

హెడ్‌ వైపు కష్టాలు వేరు. లేజర్ కాంతిని మామూలు కటకంతో 50 నానోమీటర్లలోపు చుక్కకు కుదించలేం, కాంతి తరంగం అంతకంటే పొడవైనది. అందుకని బంగారంతో చేసిన అతి చిన్న ముక్కను యాంటెన్నాలా వాడతారు. బంగారం కరిగేది 1,064 డిగ్రీల దగ్గరే అయినా, అంత చిన్న ముక్కలో అణువులు చాలా తక్కువ వేడికే కదలడం మొదలుపెడతాయి. కొన మొద్దుబారుతుంది, చుక్క పెద్దదవుతుంది, పక్క బిట్లు చెడతాయి. పళ్లెం మీది జారుడు పదార్థం ఆవిరై హెడ్‌ మీద మడ్డిగా పేరుకుంటుంది. కార్బన్ పూత వేడికి ఆక్సిజన్‌తో కలిసి అరుగుతుంది. హెడ్‌కూ పళ్లేనికీ మధ్య ఉండేదే కొన్ని నానోమీటర్లు, అందులో ఒక్క నానోమీటర్ మడ్డి చేరినా చాలు. ఇవన్నీ ఒక్కొక్కటిగా పరిష్కరించుకుంటూ వచ్చాకే సరుకు బయటికొచ్చింది.

ఇక మన ఆఫీసుల్లో, ఇళ్లలో ఎక్కువగా కనిపించే పెన్‌డ్రైవ్, ఎస్‌ఎస్‌డీ సంగతి. ఎస్‌ఎస్‌డీ అంటే పళ్లేలకు బదులు మెమరీ చిప్పులున్న డిస్కు. ఈ రెండింటిలోనూ అయస్కాంతం ఉండదు. చాలావరకు చిప్పుల్లో సిలికాన్ నైట్రైడ్ అనే పలుచని పొరలో ఎలక్ట్రాన్లను ఇరికించి ఉంచుతారు. ఇలా ఇరికించే అరలను (సెల్స్) నిలువుగా వందల వరసలు పేర్చి సాంద్రత పెంచారు. ఒక్కో అరలో నాలుగు బిట్లు దాచాలంటే అందులోని ఎలక్ట్రాన్ల మొత్తాన్ని 16 మెట్లుగా విడదీసి గుర్తించాలి. మెట్టుకూ మెట్టుకూ తేడా అంత సన్నమైనప్పుడు కొద్దిపాటి ఎలక్ట్రాన్లు జారినా నాలుగు బిట్లలో ఏదో ఒకటి తప్పవుతుంది. జారుడు వేడితో పెరుగుతుంది. రాసి చెరిపిన ప్రతిసారీ పొరలో లోపాలు పెరిగి జారే దారులు ఎక్కువవుతాయి.

దీనికి జెడెక్ అనే ప్రమాణాల సంస్థ పెట్టిన కొలత ఉంది. మామూలు వాడకపు ఎస్‌ఎస్‌డీ, తనకు చెప్పిన రాతల పరిమితి మొత్తం వాడేశాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది సమాచారాన్ని నిలపాలి. సర్వర్లలో వాడేదానికి 40 డిగ్రీల దగ్గర మూడు నెలలు. ఆ ప్రమాణంలో వాడే వేడి సూత్రం ప్రకారం 30 నుంచి 45 డిగ్రీలకు వెళ్తే కాలం ఏడు రెట్లు తగ్గుతుంది, అంటే ఏడాది కాస్తా ఏడు వారాలు. కొత్త ఎస్‌ఎస్‌డీ ఇంతకంటే చాలా ఎక్కువ నిలుస్తుంది, ఇది అరిగిపోయిన దాని లెక్క. కానీ మన దగ్గర బీరువాలో పెట్టేది ఎక్కువగా అరిగినదే. పాత కంప్యూటర్ నుంచి తీసినదాన్ని బ్యాకప్ అని పేరు రాసి దాస్తారు. రేకుల కప్పు కింద ఇనుప బీరువాలో ఏప్రిల్, మే, జూన్ గడిస్తే ఏడు వారాలు ఎప్పుడో దాటిపోతాయి. ఎస్‌ఎస్‌డీ మీద రాసేటప్పుడు అది కాస్త వేడిగా ఉన్నా నష్టం లేదు, దాచేటప్పుడు చల్లగా ఉండాలి. దీర్ఘకాలం దాచే పనికి దాన్ని వాడకపోవడమే మేలు.

ఇప్పుడు పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చే పదార్థాలకు వస్తాను. చదరపు అంగుళానికి 500 టెరాబిట్లు అన్నది 2016లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో చేసిన పని. రాగి మీద పరచిన క్లోరిన్ అణువుల్లో ఖాళీలను సూది కొనతో ఒక్కొక్కటిగా జరిపి ఒక కిలోబైట్ రాశారు. బిట్‌కు దక్కిన చోటు 1.3 చదరపు నానోమీటర్లు. గొప్ప పని, సందేహం లేదు. అది నిలిచింది మైనస్ 196 డిగ్రీల దగ్గర. చిన్న ముక్క చదవడానికే నిమిషాలు పట్టింది. 2017లో ఐబీఎం వాళ్లు మెగ్నీషియం ఆక్సైడ్ మీద కూర్చున్న ఒకే హోల్మియం అణువులో ఒక బిట్ రాసి చదివారు. దానికి ద్రవ హీలియం చల్లదనం కావాలి.

ఒక్క అణువుకు బదులు అణుపుంజాన్నే (మాలిక్యూల్‌నే) అయస్కాంతంగా చేసే దారి నాకు ఎక్కువ ఆశ కలిగిస్తోంది. డిస్ప్రోసియం అనే అరుదైన మృత్తిక లోహపు అణువును రెండు కర్బన వలయాల మధ్య బిగిస్తే దాని దిశ మీద పట్టు గట్టిపడుతుంది. 2017లో ఇది మైనస్ 213 డిగ్రీల దాకా జ్ఞాపకం నిలిపింది. మరుసటి ఏడు మైనస్ 193. 2025లో మాంచెస్టర్, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు చేసిన ఇంకో డిస్ప్రోసియం అణుపుంజం మైనస్ 173 దాకా నిలిపింది. ఎనిమిదేళ్లలో 40 డిగ్రీలు ఎక్కింది. ఈ మెట్లలో మైనస్ 193 దగ్గర ఒక ముఖ్యమైన గీత దాటారు: ద్రవ నైట్రోజన్ మరిగేది మైనస్ 196 దగ్గర. హీలియంతో పోలిస్తే నైట్రోజన్ చాలా చవక, గాలి నుంచే తీస్తారు. పెద్ద డేటా సెంటర్‌కు అది అసాధ్యం కాదు. నల్గొండలో బల్ల మీద పెట్టుకునే డిస్కుకు మాత్రం ఇంకా 200 డిగ్రీలకు పైగా ఎక్కాలి. వార్తలో ఈ వాక్యం ఒక్కటి ఉంటే చాలు, పాఠకుడికి విషయం సరిగా అందుతుంది.

మన వేడిని తట్టుకునే పదార్థాలు లేకపోలేదు. జెర్మేనియం, యాంటిమొనీ, టెల్లూరియం కలిసిన గాజులాంటి పదార్థాన్ని తిరిగి రాసే డీవీడీల్లో ఎప్పటినుంచో వాడుతున్నారు. 600 డిగ్రీలు దాటించి ఒక్కసారిగా చల్లారిస్తే అణువులు చెదిరి విద్యుత్ నిరోధం పెరుగుతుంది, తక్కువ వేడిలో కాసేపు ఉంచితే స్ఫటికమై నిరోధం పడిపోతుంది. ఆ రెండు స్థితులే ఒకటీ సున్నా. జెర్మేనియం పాలు పెంచితే వాహనాల ఇంజన్ దగ్గరి వేడికి కూడా నిలుస్తుంది. దీని కష్టం నిలకడలో లేదు, కరిగించడానికి అయ్యే కరెంటులో ఉంది. కరిగిన ప్రతిసారీ సైజు మారడంతో లోపల బుడగలు ఏర్పడి ఆ సెల్ పనికిరాకుండా పోవడం ఇంకో కష్టం. ఇంటెల్, మైక్రాన్ 2015లో ప్రకటించిన త్రీడీ ఎక్స్‌పాయింట్ మెమరీ వేగంలో బాగానే పనిచేసినా, ధర కుదరక ఇంటెల్ 2022లో ఆ వ్యాపారం మానుకుంది. 2024లో బెంగళూరు ఐఐఎస్‌సీ, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం, ఎంఐటీ కలిసి చూపింది ఈ కరిగించే ఖర్చుకే మందు. ఇండియం సెలినైడ్ తీగలో చిన్న కరెంటు నిరంతరం పంపితే పొరలు ఒకదానిమీద ఒకటి జారి, కరగకుండానే స్ఫటికం చెదిరిపోతుంది. మామూలు పద్ధతితో పోలిస్తే వంద కోట్ల రెట్ల దాకా తక్కువ శక్తి సాంద్రత సరిపోయింది. ఇంకా తీగ దశలోనే ఉంది. అదే ఏడాది ఐఐఎస్‌సీ వాళ్లు చేసిన, ఒక్కో చోట 16,500 స్థాయిలు గుర్తించగల రుథేనియం అణుపుంజపు పొర గురించి కూడా పత్రికల్లో వచ్చింది. దాన్ని నిల్వ సరుకుగా చూపించడం కంటే, జ్ఞాపకం ఉన్నచోటే లెక్క చేసే పనిముట్టుగా చూపించడం సరైనది.

మన హైదరాబాద్‌కు దగ్గరి సంబంధం ఉన్న పదార్థం హాఫ్నియం ఆక్సైడ్. దీనికి సిలికాన్ కొద్దిగా గానీ, జిర్కోనియం గానీ కలిపి పది నానోమీటర్ల పొరగా వేస్తే విద్యుత్ ధ్రువత (ప్లస్, మైనస్ ఆవేశాలు ఏ వైపు ఉన్నాయన్నది, అదే ఒకటీ సున్నా) నిలుపుకుంటుందని 2011లో బయటపడింది. అంతకుముందు ఈ పనికి వాడే పదార్థాల్లో చాలావాటిలో సీసం ఉండేది, అంత పలుచగా వేస్తే పనిచేసేవి కావు. హాఫ్నియం ఆక్సైడ్ 2007 నుంచే చిప్పుల్లో వాడుకలో ఉంది కాబట్టి ఫ్యాక్టరీకి కొత్త దినుసు కాదు. ఇది ఎక్కడిదంటే, ఖనిజంలో జిర్కోనియంతో పాటు నూటికి రెండు పాళ్లకు అటూ ఇటూగా కలిసి ఉంటుంది. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ తయారుచేసే జిర్కోనియం గొట్టాల్లో హాఫ్నియం ఉండకూడదు, అది న్యూట్రాన్లను మింగేస్తుంది. అందుకని వేరు చేయాల్సిందే. రియాక్టర్‌కు పనికిరానిది చిప్పుకు కావాలి. మొదటి కొన్ని వేల రాతల దాకా ధ్రువత పెరుగుతూ పోవడం, తర్వాత ఆక్సిజన్ ఖాళీలు పోగై తగ్గడం దీని లోపం. మన విశ్వవిద్యాలయాల్లో చేయదగ్గ పరిశోధన ఇది.

డీఎన్‌ఏ గురించి ఎక్కువ రాయను. గ్రాముకు 21.5 కోట్ల గిగాబైట్లు అన్నది 2017 నాటి లెక్క. రాయడం అంటే రసాయనంతో డీఎన్‌ఏ గొలుసుకు ఒక్కో అక్షరం కలుపుకుంటూ పోవడం. ఒక్కో మెట్టు నూటికి 99.5 పాళ్లు సఫలమైనా 200 అక్షరాల తర్వాత పూర్తిగా సరిగా వచ్చే గొలుసులు నూటికి 37 మాత్రమే. అందుకే చిన్న చిన్న ముక్కలుగా రాసి, తప్పులు దిద్దే అదనపు అక్షరాలు చేర్చి, చివర అన్నీ కలిపి అతకాలి. తడి, వేడి కలిస్తే గొలుసు తెగుతుంది. పొడిగా, సిలికా లోపల ఉంచితే తట్టుకుంటుంది. గాజు సంగతి వేరు. మైక్రోసాఫ్ట్ 2019లో 75 మిల్లీమీటర్ల చదరం, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న క్వార్ట్జ్ గాజు పలకలో అతివేగపు లేజర్‌తో 75.6 గిగాబైట్ల సినిమా రాసింది. సాంద్రతలో ఆ పలక హార్డ్ డిస్కు దరిదాపుల్లో లేదు. కానీ మన ఎండ దానికి లెక్కే కాదు, కరెంటూ అక్కర్లేదు. ఒకసారి రాసి తరాలపాటు దాచాల్సిన వాటికి నా ఓటు గాజుకే. రాసే వేగం పెరిగి యంత్రం ధర దిగాలి.

అలా దాచాల్సినవి మన ఉమ్మడి నల్గొండ జిల్లాలో చాలా ఉన్నాయి. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో దశాబ్దాలుగా చేస్తున్న ఫ్లోరైడ్ నీటి పరీక్షల లెక్కలు, పాత భూమి రికార్డుల స్కాన్లు, పోచంపల్లి నేత డిజైన్లు. ఇవి మళ్లీ కొలిస్తే దొరికేవి కావు, 1990లో ఒక బోరు నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉందో ఇప్పుడు వెళ్లి కొలవలేం. కొత్త పదార్థాలు వచ్చేదాకా వీటికి సరైనది మాగ్నెటిక్ టేపు. అందులో బేరియం ఫెర్రైట్ రేణువులు ఉంటాయి. అది ముందే ఆక్సైడ్ కాబట్టి తుప్పు పట్టదు. 2025లో వచ్చిన పదో తరం ఎల్‌టీఓ టేపు ఒక్కోదానిలో 30 టెరాబైట్లు పడుతుంది. స్ట్రాన్షియం ఫెర్రైట్‌తో 580 టెరాబైట్లు సాధ్యమని 2020లో ఐబీఎం, ఫ్యూజీఫిల్మ్ చూపించాయి. టేపు యంత్రం ధర లక్షల్లో ఉంటుంది కనుక ఆఫీసుకొకటి కాక జిల్లాకొకటి చాలు. దాచే గది 16 నుంచి 25 డిగ్రీల మధ్య, తేమ 20 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. టేపును బయటి వేడి నుంచి చల్లని గదిలోకి తెచ్చాక ఒక రోజు అలాగే ఉంచి తర్వాతే యంత్రంలో పెట్టాలి, లేకపోతే సాగి కుంచించిన టేపు మీద హెడ్‌ దారి తప్పుతుంది. ఒక ప్రతి జిల్లాలో, ఇంకోటి వేరే ఊళ్లో. రాసిన రోజే ప్రతి ఫైలుకూ, అది మారిందో లేదో తెలిపే చెక్‌సమ్ తీసి కాగితం మీద కూడా అచ్చువేసి పెట్టాలి, ఏటా ఒకసారి చదివి సరిచూడాలి. టేపు కొనే ఖర్చు లేనిచోట రెండు వేర్వేరు కంపెనీల హార్డ్ డిస్కులు, ఏడాదికి రెండుసార్లు కరెంటు పెట్టి మొత్తం చదవడం. బీరువాలో పెన్‌డ్రైవ్ వద్దు.

మన డిగ్రీ కాలేజీల్లో ఈ విషయాన్ని పిల్లలకు చూపించడానికి పెద్ద ఖర్చు లేదు. మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం కింది కాలేజీల భౌతికశాస్త్ర ప్రయోగశాలల్లో బీ–హెచ్ వక్రం (అయస్కాంత క్షేత్రానికి లోహం ఎలా స్పందిస్తుందో చూపే గీత) గీసే పరికరం మామూలే. దానికి తోడు ఒక నికెల్ ముక్క చాలు. రెండు సెంటీమీటర్ల పలుచని నికెల్ రేకును సన్నని నైక్రోమ్ తీగతో వేలాడదీసి, సెంటీమీటర్ దూరంలో అయస్కాంతం పెడితే రేకు అటు వాలి నిలుస్తుంది. కింద నుంచి గ్యాస్ బర్నర్‌తో వేడి చేస్తే 358 డిగ్రీల దగ్గర పట్టు వదిలి నిలువుగా వేలాడుతుంది, చల్లారగానే మళ్లీ వాలుతుంది. లేజర్ వేడితో రాసే హార్డ్ డిస్కు ఆధారపడేది సరిగ్గా ఈ సూత్రం మీదే. అయస్కాంతం నియోడిమియందైతే 80 డిగ్రీలు దాటగానే అదే బలం కోల్పోతుంది కాబట్టి వేడికి తట్టుకునే ఆల్నికో రకం వాడాలి, మధ్యలో మైకా రేకు అడ్డం పెట్టాలి. వేడి కొలిచే థర్మోకపుల్ తీగ కొన రేకుకు గట్టిగా తాకి ఉండాలి. వదులుగా ఉంటే మీటరు నిజమైన వేడి కంటే తక్కువ చూపిస్తుంది, 358 రావలసిన చోట 300 వస్తుంది, విద్యార్థి సూత్రమే తప్పనుకుంటాడు. రేకు ఎర్రబడేదాకా వేడి చేయనక్కర్లేదు, మంటను పక్కకు జరిపి మెల్లగా పెంచితే కొలత బాగా వస్తుంది.

తమరిని కోరేది ఇది. నిల్వ పదార్థాల మీద వార్త వేసినప్పుడు సాంద్రత పక్కనే మూడు సంగతులు ఒకే వరసలో అచ్చువేయండి: ప్రయోగం ఏ ఉష్ణోగ్రతలో జరిగింది, ఆ వేడిలో ఎంతకాలం నిలుస్తుంది, సెకనుకు ఎంత రాయగలదు. పరిశోధన పత్రంలో ఈ మూడూ సాధారణంగా ఉంటాయి, లేకపోతే లేవని రాయండి. అలాగే జిల్లా కార్యాలయాల బ్యాకప్ గదుల్లో ఎండకాలం ఉష్ణోగ్రత ఎంత ఉంటుందో, అక్కడ ఏ పరికరాలు దాచారో మీ విలేకరులు ఒకసారి విచారించి రాస్తే, జూన్‌లోపు సరిదిద్దుకునే వీలుంటుంది.

ఇట్లు,
భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
నల్గొండ